బేసి పేజీలు తూర్పు మెట్ల మీదుగా

నార, పీచు ఉత్పత్తుల ప్రోత్సాహక సంస్థలో తాడు పేనడం తెలిసినవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఒకరు గేటు దగ్గర వాచ్‌మన్. ఆయన కిందటేడు రిటైరయ్యాడు. రెండోవారు క్యాంటీన్లో వంట చేసే అప్పలనరసమ్మ. మిగిలిన అరవై నలుగురూ తాళ్ళను ప్రోత్సహించేవారు.

కోరాడ జగ్గారావు ఆ అరవై నలుగురిలో ఒకడే గానీ, ఆయన చూసుకునే తాళ్ళు వేరు. ఆఫీసులోని కంప్యూటర్లు, వాటి కేబుళ్ళు, ఆ కేబుళ్ళన్నీ వచ్చి చేరే స్విచ్ పెట్టెలు ఆయన బాధ్యత. భార్య పోయి నాలుగేళ్ళయింది. పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ క్యాంటీన్లోనే కానిచ్చేవాడు.

అక్కడ టోకెన్‌కి ఒక గారె. జగ్గారావు ప్లేట్లో మాత్రం ఎప్పుడూ రెండు పడేవి. అప్పలనరసమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఈ మధ్య ఉప్పు డబ్బా ఏదో పంచదార డబ్బా ఏదో వేలు ముంచి నాలుకకి రాసుకుంటే గాని తెలియడం లేదు. కనపడక రెండు వేస్తోంది పాపం అనుకునేవాడు జగ్గారావు. చెబితే నొచ్చుకుంటుందని ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడంలో కాస్త స్వార్థం కూడా ఉందని ఆయనకు తెలుసు. గారెలు బాగుండేవి.

ఒకరోజు డైరెక్టరు పరాంకుశం గారు రాజధానిలోని పెద్దలతో వీడియో సమావేశంలో ఉండగా తెర మీద బొమ్మ నిలిచిపోయింది. కార్యదర్శి గారు నోరు తెరిచి, చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయారు. ఆయన ఏదో గంభీరంగా ఆలోచిస్తున్నారనుకుని డైరెక్టరు గారు లేచి ఏడు నిమిషాల పాటు నిలబడ్డారు. ఎనిమిదో నిమిషంలో జగ్గారావుకి కబురు వచ్చింది.

"మేడ మీది స్విచ్‌కీ కింది స్విచ్‌కీ మధ్య ఒకటే కేబుల్ ఉందండి. అందరి పనీ దాని మీదే పడుతోంది. ఇంకో కేబుల్ వేసి రెండూ కలిపేస్తే సరిపోతుంది" అన్నాడు జగ్గారావు.

ఆ సాయంత్రమే వేశాడు. కేబుల్ తగిలించే ముందు రెండు స్విచ్‌లకీ, ఈ రెండు కేబుళ్ళనీ ఒకటిగానే చూసుకోండి అని సెట్టింగుల్లో చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి అలా చెప్పకుండానే రెండో కేబుల్ తగిలించాడు. ఒకే సందేశం ఒక దారిలో వెళ్ళి రెండో దారిలో తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చి, కాసేపటికి ఆఫీసంతా పడుకుంది. అప్పటినుంచి ముందు చెప్పడం, తర్వాత తగిలించడం.

మర్నాడు డైరెక్టరు గారు స్వయంగా చూడటానికి వచ్చారు. వారిది గుంటూరు వైపు. పరిపాలనా సంస్కరణల మీద మూడు రోజుల శిక్షణ పొందినవారు. ఆ మూడు రోజుల సర్టిఫికెట్టు వారి కుర్చీ వెనక గోడ మీద ఉంటుంది.

"ఇప్పుడు వీటిలో ఒకటి లాగెయ్యండి" అన్నారు.

జగ్గారావు ఒక కేబుల్ ఊడదీశాడు. పక్కన కంప్యూటర్లో నడుస్తున్న వీడియో నడుస్తూనే ఉంది.

"ఒకటి పోయినా తెలియదా?"

"తెలియదండి. ఉన్నదే మొత్తం మోస్తుంది."

ఆ మాట అంటూ జగ్గారావు కేబుల్ మళ్ళీ తగిలించాడు. మనుషుల విషయంలో అది అంత నిజం కాదు. కానీ డైరెక్టరు గారు అడిగింది కేబుల్ గురించి.

పరాంకుశం గారు చేతులు వెనక్కి కట్టుకుని ఆ రెండు నీలం కేబుళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డారు. గర్భగుడి ముందు కూడా అంతసేపు నిలబడి ఉండరు.

"జగ్గారావు గారూ, మీరు దీన్ని కేబుల్ అనుకుంటున్నారు. ఇది పరిపాలన" అన్నారు.

మూడో రోజుకల్లా సర్క్యులర్ వచ్చింది. దాని పేరు జంట మార్గ విధానము. అందులో ముఖ్యమైన పేరాలు రెండు.

"పేరా ఐదు. అధిక వేగమును, అఖండ భద్రతను సాధించు నిమిత్తము, ప్రతి ఫైలు యొక్క బేసి సంఖ్య గల పుటలను తూర్పు మెట్ల మీదుగాను, సరి సంఖ్య గల పుటలను పడమటి మెట్ల మీదుగాను పంపవలెను.

"పేరా ఆరు. ఏదేని ఒక మార్గమున పుటలు అందని యెడల, అందిన పుటలనే సంపూర్ణ ఫైలుగా భావించి, రెండవ మార్గము కొరకు వేచి యుండక, జాప్యము లేకుండా ఉత్తర్వులు జారీ చేయవలెను."

తూర్పు మెట్లకి అటెండరు గవర్రాజును, పడమటి మెట్లకి అటెండరు సింహాచలాన్ని నియమించారు. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ కలిసి టీ తాగుతున్నారు. దారిలో కలుసుకుంటే పుటలు కలగలిసిపోయే ప్రమాదమున్నదని ఇద్దరికీ టీ వేళలు వేరు చేశారు.

జగ్గారావు ఒకసారి చెప్పి చూశాడు.

"సార్, స్విచ్ అలా చెయ్యదండి. ఒకరి మాట మొత్తం ఒక కేబుల్ మీదే పంపుతుంది. ఇంకొకరి మాట ఇంకో కేబుల్ మీద. ఒకే మాటని రెండు ముక్కలు చేసి పంపితే ముందుది వెనకా వెనకది ముందూ చేరుతుందని దానికి భయం."

డైరెక్టరు గారు దయగా నవ్వారు.

"అది యంత్రమండీ. దానికి సంస్కరణ దృక్పథం ఎక్కడినుంచి వస్తుంది? యంత్రం ఆగిపోయిన చోట మనం మొదలుపెట్టాలి."

విధానం క్యాంటీన్‌కి కూడా వర్తించింది. అన్నం తూర్పు కిటికీ దగ్గర, పప్పు పడమటి కిటికీ దగ్గర. పేరా ఆరు ప్రకారం, ఒకటి అందకపోతే అందిందే సంపూర్ణ భోజనం. మూడు రోజులు అకౌంట్సు వాళ్ళు ఉత్త పప్పు తిన్నారు.

ఇదంతా నవ్వుకుని సర్దుకుపోయే వ్యవహారమే అయ్యేది, సరిగ్గా అప్పుడు అప్పలనరసమ్మ సెలవు ఫైలు బయల్దేరకపోతే.

ఊళ్ళో కంటి ఆసుపత్రివాళ్ళు ఆమెకు ఇరవయ్యో తేదీన ఆపరేషన్ ఖాయం చేశారు. శుక్లాలు బాగా ముదిరాయి, ఇంక ఆలస్యం చేస్తే కన్ను దక్కుతుందో లేదో చెప్పలేనంది డాక్టరమ్మ. పది రోజులు సెలవు కావాలి. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. మంజూరు లేకుండా మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. మొగుడు లేడు, ముసలి అత్తగారిని చూసుకునేది తనే. కన్ను కావాలి, కొలువూ కావాలి.

ఫైలు ఆరు పేజీలు. మొదటి పేజీ ఆమె దరఖాస్తు. రెండో పేజీ డాక్టరు ఉత్తరం. మూడోది క్యాంటీన్ సూపర్‌వైజరు సిఫార్సు. నాలుగోది, ఆ పది రోజులూ ఆమె మరదలు పారమ్మ వంట చేస్తుందన్న ఏర్పాటు. ఐదోది సెలవు నిబంధనలు. ఆరోది డైరెక్టరు గారు ఉత్తర్వు రాయవలసిన కాగితం.

తొమ్మిదో తేదీ పొద్దున గవర్రాజు ఒకటి, మూడు, ఐదు పేజీలు తూర్పు మెట్ల మీదుగా చేర్చాడు. దరఖాస్తు ఉంది, సిఫార్సు ఉంది. డాక్టరు ఉత్తరం లేనిదే సెలవు ఇవ్వరాదని నిబంధన కూడా ఉంది. డాక్టరు ఉత్తరం లేదు. డైరెక్టరు గారు రెండో మార్గం కోసం వేచి ఉండక ఉత్తర్వు రాశారు. సెలవు తిరస్కరించడమైనది. ఇరవయ్యో తేదీన తప్పక విధులకు హాజరు కావలెను.

సింహాచలానికి మోకాళ్ళ నొప్పులు. ఆయన రెండు, నాలుగు, ఆరు పేజీలతో పడమటి మెట్లెక్కేసరికి మధ్యాహ్నం అయింది. ఈ కాగితాల్లో వంటమనిషికి చూపు లేదని డాక్టరు రాసిన ఉత్తరం ఉంది. ఆమె స్థానంలో పారమ్మ వంట చేస్తుందని ఉంది. సెలవు కావాలని ఎవరూ అడిగినట్టు లేదు. డైరెక్టరు గారు మళ్ళీ ఉత్తర్వు రాశారు. దృష్టిలోపము వలన అప్పలనరసమ్మను తొలగించి, పారమ్మను నియమించడమైనది. ఇరవయ్యో తేదీ నుండి ఆమె విధులకు హాజరు కారాదు.

రెండు ఉత్తర్వులూ రెండు మెట్ల మీదుగా దిగి క్యాంటీన్‌కి వచ్చాయి. అప్పలనరసమ్మ రెండూ పట్టుకుని జగ్గారావు బల్ల దగ్గరికి వచ్చింది.

"కొంచెం సదివి సెప్పు బాబూ. సెలవిచ్చినట్టేనా?"

జగ్గారావు చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత వీలైనంత మెత్తగా చెప్పాడు.

ఆమె చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కాదు, ఈ మధ్య ఊరికే నీళ్ళు కారుతున్నాయి.

"ఇంతకీ ఆ బాబు నన్ను రమ్మంతన్నాడా, పొమ్మంతన్నాడా?"

"రెండూ."

"ఒక్క మడిసి ఒక్క రోజున రాడమూ పోడమూ ఎలగ బాబూ?"

"అదే అడిగి వస్తాను."

జగ్గారావు ముందు సూపరింటెండెంటు ఇందుమతి దగ్గరికి వెళ్ళాడు. ఆఫీసులో ఏ ఫైలైనా ఆవిడ చేతిలోంచే కదలాలి. ఆవిడ రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"ఘోరమండీ ఇది. ఇప్పుడే రద్దు చేయిద్దాం. కానీ రద్దుకి ఫైలు పెట్టాలి కదా."

"ఎన్ని పేజీలు అవుతుంది?"

"పాత కాగితాలన్నీ జత చెయ్యాలి. పదకొండు."

పదకొండు పేజీల రద్దు ఫైలు పన్నెండో తేదీన రెండుగా చీలి మెట్లెక్కింది. మేడ మీద బేసి సగం చూసినవారు, సరి సగంలో ఏముందో తెలుపగలరని రాశారు. ఆ రాసిన ఉత్తరమే రెండు పేజీలు. దాని మొదటి పేజీ తూర్పున, రెండో పేజీ పడమట దిగాయి. మొదటి పేజీకి ఒక జవాబు, రెండో పేజీకి ఇంకో జవాబు వెళ్ళాయి. ఆ జవాబుల మీద వివరణ కోరారు. ఒకే సంగతి తూర్పున ఎక్కి పడమట దిగుతూ, పడమట ఎక్కి తూర్పున దిగుతూ తిరగసాగింది. జగ్గారావుకి తన కొత్తలో ఆఫీసు పడుకున్న రోజు గుర్తొచ్చింది.

పదిహేనో తేదీన ఆయన డైరెక్టరు గారి గదికి వెళ్ళి విషయమంతా చెప్పాడు. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని విన్నారు.

"సమస్యని నేను గుర్తించాను. మన దగ్గర జంటలు చాలడం లేదు."

"అంటే సార్?"

"చూడండి, సింహాచలం ఒక్కడే కాబట్టే ఆలస్యం. ఇకనుంచి ప్రతి మార్గానికీ ఇద్దరేసి అటెండర్లు. పైన విడిపోయిన పుటలను ఒకచోట చేర్చడానికి జతకలుపు విభాగం ఒకటి ఏర్పాటు చేస్తున్నాను."

జగ్గారావు ప్రాణం కొంచెం లేచొచ్చింది.

"అది చాలండి సార్. ఆ విభాగం ఒక్కటి ఉంటే..."

"ఒక్కటి ఎలా ఉంటుందండీ? అది ఆగిపోతే? అందుకని రెండు. తూర్పు జతకలుపు విభాగం, పడమటి జతకలుపు విభాగం. తూర్పుది బేసి పుటలను కలుపుతుంది. పడమటిది సరి పుటలను."

"అప్పలనరసమ్మకి ఇరవయ్యో తేదీన ఆపరేషన్ సార్."

"వ్యవస్థ స్థిరపడాలి కదండీ. వ్యక్తులు కొంచెం ఓర్చుకోవాలి. ఆవిడకి నా సానుభూతి తెలపండి."

సానుభూతిని ఏ మెట్ల మీదుగా పంపాలో అడగాలనిపించింది జగ్గారావుకి. అడగలేదు.

తిరిగొచ్చి స్విచ్ ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు. గదిలో ఏసీ చల్లగా ఉంది. ఎవరూ రారు. భార్య పోయిన కొత్తల్లో ఆయన ఎక్కువ కూర్చున్నది ఇక్కడే. ఏమీ అడగకుండా మినుకు మినుకుమనే ఆకుపచ్చ దీపాలంటే ఆయనకి ఇష్టం.

జంట కేబుళ్ళ దగ్గర రెండు దీపాలున్నాయి. భోజనాల వేళ కాబట్టి ఆఫీసులో ఎవరో ఒక్కరే ఏదో పెద్ద ఫైలు దించుకుంటున్నట్టున్నారు. ఒక దీపం గబగబా కొట్టుకుంటోంది. రెండోది నిమ్మళంగా ఉంది. ఒక మాట, ఒక దారి. ఎంత పెద్దదైనా చీల్చదు.

చీల్చదు. జగ్గారావు ఆ మాట దగ్గర ఆగాడు. స్విచ్ చీల్చదు, డైరెక్టరు గారు చీలుస్తారు. అయితే వారైనా చీల్చేది పేజీ నంబర్లను బట్టే. ఒకటో పేజీ ఒక్కటే ఉంటే దేన్ని చీలుస్తారు? సరి పేజీ అంటూ పుట్టకపోతే అది ఎప్పటికీ అందదు. అందకపోతే పేరా ఆరు ఉంది.

ఆయన లేచి, ప్రింటర్లోంచి ఒక తెల్ల కాగితం తీసుకుని ఇందుమతి దగ్గరికి నడిచాడు.

"మొత్తం ఫైలు ఒక్క పేజీలో పట్టాలండి. వెనక వైపు ఏమీ రాయకూడదు."

ఇందుమతి కాగితం వంక చూసింది, జగ్గారావు వంక చూసింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆవిడది. సర్క్యులర్ తీసి పేరా ఆరు మళ్ళీ చదివింది. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, పెన్నుల్లో అన్నిటికంటే సన్నపాళీది వెతికింది.

"మా నాన్నగారు పోస్టుకార్డు మీద పెళ్ళి కబురు, ఖర్చు, పెళ్ళికొడుకు జాతకం మొత్తం పట్టించేవారండి. నాకూ ఆ చెయ్యే వచ్చింది" అంది.

పై భాగంలో దరఖాస్తు రాశారు. అప్పలనరసమ్మ వేలిముద్ర వేసింది. "ఇది సెలవుకేనా, ఎల్లిపోడానికా?" అని అడిగి మరీ వేసింది. డాక్టరు ఉత్తరం వేరే కాగితం కాబట్టి పనికిరాదు. సాయంత్రం జగ్గారావు ఆ కాగితాన్నే అట్ట మధ్యన పెట్టుకుని బస్సెక్కి కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. అప్పటికి ఇంకా నలభై మంది వరసలో ఉన్నారు.

"మీరు రాసేది ఈ కాగితం మీదే, ఈ ఎడమ అంచున పట్టాలమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ కారణం అడగలేదు. నవ్వలేదు కూడా. కాగితం అడ్డంగా తిప్పి, అంచు పొడుగునా నాలుగు లైన్లు రాసి, మిగతా చోటు పాడవకుండా స్టాంపు సగమే పడేలా జాగ్రత్తగా ముద్ర వేసి ఇచ్చింది. లోకంలో ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టే ఆఫీసులు నడుస్తున్నాయనుకున్నాడు జగ్గారావు.

మర్నాడు మిగిలిన జాగాలో సూపర్‌వైజరు సిఫార్సు, పారమ్మ పది రోజుల ఏర్పాటు, నిబంధన నంబరు ఎక్కాయి. వాటి కింద, గత రెండు ఉత్తర్వులూ రద్దు అని ఇందుమతి చీమ తలకాయలంత అక్షరాలతో రాసింది. అడుగున అగ్గిపెట్టెంత చోటు డైరెక్టరు గారి సంతకానికి వదిలారు. పైన కుడి మూల, గుండ్రంగా చుట్టి, ఒకటి అని నంబరు వేశారు.

గవర్రాజు ఆ ఒక్క కాగితాన్నీ తీసుకుని తూర్పు మెట్లెక్కాడు. జగ్గారావు వెనకే వెళ్ళి, ఏదో కేబుల్ చూస్తున్నట్టు గుమ్మం దగ్గర వంగున్నాడు.

"సరి పుటలు ఏవి?" అన్నారు డైరెక్టరు గారు.

"రానేదు బాబూ."

"సింహాచలం?"

"ఆ మెట్ల మీదే కూకున్నాడు బాబూ. ఆడి సేతికి ఏటీ రానేదు."

అందులో ఒక్క అబద్ధమూ లేదు. పరాంకుశం గారు కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు.

"అంటే పడమటి మార్గం విఫలమైంది."

గవర్రాజు జగ్గారావు వంక చూశాడు. జగ్గారావు కేబుల్ వంక చూశాడు.

"విఫలమైంది. అయినా పని ఆగలేదు. ఉన్న మార్గమే మొత్తం బరువు మోసింది. గవర్రాజూ, నువ్వు ఏం చేశావో నీకు తెలియదు. జగ్గారావు గారూ, మీరు అక్కడే ఉన్నారా, గడియారం చూడండి. టైము రాసుకోండి."

వారు కాగితంలో ఏముందో చదవలేదు. చదవడం జాప్యం. అగ్గిపెట్టెంత చోటులో సంతకం పెట్టి, ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఫొటో తీయించుకున్నారు. ఫైలు కింద బయల్దేరి ఉత్తర్వయి కిందికి చేరడానికి పట్టింది పదకొండు నిమిషాలు.

పంతొమ్మిదో తేదీ పొద్దున అప్పలనరసమ్మ పారమ్మకి పప్పులో ఉప్పు ఎంతో, పొయ్యి దగ్గర ఏ మూల కాలుతుందో చెప్పి, ఒక సంచీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది.

పదకొండు నిమిషాల సంగతి ఆఫీసంతా పాకింది. వారంలోగా అందరూ రెండో పేజీ రాయడం మానేశారు. ఇందుమతి దగ్గర సన్నపాళీ పెన్నులు అరువు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నెల తిరిగేసరికి తూర్పు మెట్లు అరిగిపోతున్నాయి, పడమటి మెట్ల మీద సింహాచలం కాళ్ళు చాపుకుని కూర్చుంటున్నాడు. కలగలవడానికి ఆయన చేతిలో పుటలే లేవు కాబట్టి, గవర్రాజుతో టీ తాగడానికి అభ్యంతరమూ లేకపోయింది. మోకాళ్ళ నొప్పులు కూడా కొంచెం తగ్గాయన్నాడు.

డైరెక్టరు గారు నివేదిక పంపారు. ఫైలు తిరిగే సమయం వారం నుండి పదకొండు నిమిషాలకు తగ్గినదని, పడమటి మార్గము ఆపత్కాలము కొరకు సర్వసన్నద్ధముగా నున్నదని రాశారు. నివేదిక నలభై పేజీలు. అది రాజధానికి ఒకే కవరులో వెళ్ళింది గనక చెక్కుచెదరకుండా చేరింది. విధానాన్ని రాష్ట్రమంతటా అమలు చేయడానికి వారిని అక్కడికే పిలిపించుకున్నారు. వీడ్కోలు సభలో జగ్గారావుకి ఒక శాలువా కప్పి, తోడుగా ఉంటుందని ఇంకో శాలువా కూడా కప్పారు.

అప్పలనరసమ్మ తిరిగి వచ్చిన రోజు, జగ్గారావు టోకెన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె నల్లకళ్ళజోడు పెట్టుకుని ఉంది. ప్రస్తుతానికి ఒక కన్నే చేశారు. రెండోది మూడు నెలలు పోయాక.

"ఎలా ఉంది?"

"బాగుంది బాబూ. గోడ మీద ఇంత మసి ఉన్నాదని నాకు తెల్దు. పారమ్మ కూడా నల్లగా ఉన్నాది."

ఆయన్ని తేరిపార చూసింది.

"నువ్వు ఇంత ముసిలోడివయిపోనావేటి?"

"నాలుగేళ్ళయింది" అన్నాడు జగ్గారావు. ఎందుకలా అన్నాడో ఆయనకే తెలియలేదు.

ఇక ఒక గారెతో సరిపెట్టుకోవాలి. దారిలోనే ఆ సంగతికి మనసు దిటవు చేసుకుని వచ్చాడు. కన్ను వచ్చిందంటే అంతకంటే ఏం కావాలి. ఆమె బాణలి లోంచి గారె తీసి ప్లేట్లో వేసింది. ఇంకోటి తీసి వేసింది.

"అప్పలనరసమ్మా, రెండు పడ్డాయి."

"పడ్నేదు. ఏసినాను."

"టోకెన్‌కి ఒకటే కదా."

"నాకు తెల్దేటి? ఈ టోకెన్లు తొమ్మిదేళ్ళ బట్టి నానే తీసుకుంతన్నాను."

"ఇన్నాళ్ళూ కనపడక వేస్తున్నావనుకున్నాను."

ఆమె గరిటె పక్కన పెట్టింది.

"కళ్ళు పోయింది ఏడాది కిందట. నీకు రెండేత్తంది అమ్మగోరు పోయిన కాడ్నించి. ఒకటి సేతిలో అట్టుకుని ఎటో సూత్తా కూకునీవోడివి. అది సల్లారిపోయీది. అందుకని ఇంకోటి."

వెనక వరసలో ఎవరో తొందరపెట్టారు. ఆమె వాళ్ళని పట్టించుకోలేదు.

"తినెల్లు బాబూ. సల్లారిపోతాది."

జగ్గారావు కిటికీ పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. రెండూ వేడిగా ఉండగానే తిన్నాడు.